తొలి శ్రోత ఊళ్ళోనే ఉన్నాడు

హిందూపురంలో గానీ ధర్మవరంలో గానీ సొంతంగా పాట కట్టిన కుర్రాడు దాన్ని ముందుగా ఎవరికి వినిపించాలని అడిగితే అందరి దగ్గరా ఒకటే జవాబు. "మన ఊళ్ళో పాటకు రివ్యూ ఎవరిస్తారప్పా? యూట్యూబులో పెట్టు. బాగుంటే వ్యూస్ వస్తాయి, లేకుంటే లేదు. పేరు కావాలంటే హైదరాబాదు పో, కాదంటే బెంగళూరు పో." రికార్డింగ్ స్టూడియోలో ఇదే మాట, స్నేహితుల దగ్గర ఇదే మాట. రెండు మూడు పాటలు వదిలి విసిగిపోయినవాళ్ళయితే మరీ గట్టిగా చెబుతారు.

వినడానికి ఇది లోకం తెలిసిన సలహాలాగే ఉంటుంది. కానీ ఇందులో నిలబడే మాట ఒక్కటీ లేదు. వ్యూస్ అంకె సమీక్ష కాదు. మంచి పాట తనంతట తాను పైకి రాదు. పాట గురించి తెలిసి మాట్లాడే మనిషి పట్నంలోనే ఉంటాడన్నది అసలే నిజం కాదు. ఈ నమ్మకం వల్ల ఈ ప్రాంతపు పాటగాళ్ళకు జరుగుతున్న నష్టం చిన్నది కాదు. పాటను ఇంకా దిద్దుకోవడానికి వీలున్న రోజుల్లో అందాల్సిన మాట వాళ్ళకు అందడం లేదు. అది అందకుండానే పాట బయటికి పోతోంది, పోయాక ఎందుకు నిలబడలేదో చెప్పేవాళ్ళు ఉండరు.

ముందు అంకెల సంగతి. సంగీత గణాంకాలు సేకరించే లూమినేట్ అనే అమెరికా సంస్థ 2023 సంవత్సరాంత నివేదికలో లెక్క చెప్పింది. స్ట్రీమింగ్ వేదికల మీద ఉన్న ట్రాకులు 18.4 కోట్లు. అందులో 4.56 కోట్ల ట్రాకులు ఆ ఏడాదిలో ఒక్కసారి కూడా మోగలేదు. వెయ్యిసార్లకు మించనివి 15.86 కోట్లు. రోజుకు లక్షకు పైగా కొత్త ట్రాకులు వచ్చి చేరుతున్నాయి. 2024 నుంచి స్పాటిఫై ఇంకో అడుగు ముందుకేసి, పన్నెండు నెలల్లో కనీసం వెయ్యిసార్లు మోగని పాటకు రికార్డింగ్ రాయల్టీ లెక్కగట్టడం మానేసింది.

ఆ నాలుగున్నర కోట్ల పాటలూ చెడ్డవని తేల్చింది ఎవరు? ఎవరూ కాదు. వాటిని ఎవరూ వినలేదు, అంతే. విని బాగాలేదన్నవాడు శ్రోత. విననివాడికి అభిప్రాయమే ఉండదు. సున్నా అంకెను చూసి "నా పాట జనానికి నచ్చలేదు" అని కుంగిపోయే కుర్రాడు, లేని తీర్పును తలకెత్తుకుంటున్నాడు. మూడు వందల వ్యూస్ చూసి గిటారు అటక మీద పెట్టేసినవాళ్ళు ఈ ఊళ్ళలోనూ ఉన్నారు. వాళ్ళను ఓడించింది శ్రోతలు కాదు.

మరి వ్యూస్ లక్షల్లో వస్తే అది తీర్పేనా? 2021లో మోహన భోగరాజు పాడిన "బుల్లెట్టు బండి" పాటను గుర్తు చేసుకుంటే సరిపోతుంది. సినిమాతో సంబంధం లేకుండా వచ్చిన పాట అది. వచ్చిన కొన్ని నెలలకు, ఆ ఆగస్టులో మంచిర్యాలలో ఒక పెళ్ళికూతురు ఊరేగింపులో ఆ పాటకు డాన్సు చేస్తే, ఆ వీడియో ఫోన్ల మీద ఊరూరా తిరిగింది. అప్పటినుంచి పెళ్ళి బరాతుల్లో ఆ పాట మోగుతూనే ఉంది. జూలైలో ఉన్న పాట, సెప్టెంబరులో మోగిన పాట ఒకటే. రాగం మారలేదు, మాట మారలేదు. మారింది దాన్ని మోసుకుపోయిన సందర్భం. పాటలో సత్తా ఉండబట్టే ఆ సందర్భం పనికొచ్చింది, నిజమే. కానీ ఆ సత్తా ఎంతో, ఎక్కడుందో అంకె చెప్పలేదు, చెప్పలేదు గనకే ఆ అంకె చూసి తరవాతి పాటను ఎలా కట్టాలో ఎవరికీ తెలియదు.

ఇక రెండో మాట: వినగలిగేవాడు పట్నంలోనే ఉంటాడన్నది. దీనికి చరిత్రే గట్టి జవాబు ఇస్తుంది. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియంను నిషేధించింది. గమకం పలకదు, మన సంగీతానికి పనికిరాదు అన్నది అప్పటి పెద్దల వాదన. 1971లో పాక్షికంగా సడలించేదాకా, అంటే మూడు దశాబ్దాలకు పైగా, ఆ పెట్టెకు దేశంలోకెల్లా పెద్ద సంగీత వేదిక మీద చోటు లేదు. అదే మూడు దశాబ్దాలూ రాయలసీమ పల్లెల్లో పద్య నాటకాన్ని భుజాల మీద మోసింది ఆ హార్మోనియమే. ఢిల్లీ వద్దన్న వాద్యం విలువ పెనుకొండ చుట్టుపక్కల నాటకం ఆడే ప్రతి పల్లెకూ తెలుసు. ఆ వాద్యం విషయంలో చివరికి వెనక్కి తగ్గింది పల్లె కాదు, ఢిల్లీయే.

ఆ హార్మోనియం ముందు కూచుని నాటకానికి తయారయ్యేవాడిని దగ్గరగా చూస్తే తొలి సమీక్ష అంటే ఏమిటో తెలుస్తుంది. కొత్తగా కృష్ణుడి వేషం కట్టేవాడు పద్యం ఎత్తుకుంటాడు. రెండో పాదం దాటకముందే హార్మోనిస్టు తిత్తి మీద చెయ్యి ఆపేస్తాడు. శ్రుతి నీ గొంతుకు ఎక్కువైంది, అర శ్రుతి దించుకో అంటాడు. మాట మధ్యలో రాగం లాగితే అర్థం విరిగిపోతోంది, మాట పూర్తయ్యాక లాగు అంటాడు. మళ్ళీ తిత్తి కదులుతుంది, మళ్ళీ ఆగుతుంది. అప్పటికి వేషం లేదు, లైట్లు లేవు, జనం లేరు. పాడేవాడి గొంతులో తప్పు ఇంకా గట్టిపడలేదు. ఆ రిహార్సల్ దాటి స్టేజీ ఎక్కాక వచ్చే వన్స్‌మోర్ కేకలు, మధ్యలో మైకులో పేరు చదివి ఇచ్చే చదివింపులు వేరు. అవి మెప్పు. మెప్పు కావాల్సిందే. కానీ పద్యాన్ని పద్యంగా నిలబెట్టింది తిత్తి ఆపిన ఆ చెయ్యి.

ఇప్పటి పాటగాడు ఈ రెండో దశ మీదే కళ్ళు పెట్టుకుని మొదటి దశను వదిలేశాడు. నేరుగా వన్స్‌మోర్ కోసం పోతున్నాడు.

ఊళ్ళో వినేవాళ్ళు లేరన్న మాటకు ధర్మవరం పేరే పెద్ద ఖండన. ఆంధ్ర నాటక పితామహుడని తెలుగువాళ్ళు పిలుచుకునే ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1853లో ఆ ఊళ్ళో పుట్టారు. బళ్ళారిలో వకీలుగా పనిచేస్తూ, సరస వినోదినీ సభ పేరుతో సమాజం కట్టి, తన నాటకాలను అక్కడివాళ్ళ ముందే ఆడారు. పాటలు, పద్యాలు నాటకంలో కలిపి పాడించడం, సంస్కృత నాటక సంప్రదాయం ఒప్పుకోని విషాదాంతాన్ని "విషాద సారంగధర"తో తెలుగు రంగస్థలం మీదికి తేవడం ఆషామాషీ సాహసాలు కావు. వాటిని చూసి మంచిచెడ్డలు చెప్పడానికి ఆయన మద్రాసు పెద్దలకోసం కాచుకోలేదు. అదే బళ్ళారిలో కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభతో ఎదురుగా నిలిచారు. ఒకే ఊళ్ళో రెండు సమాజాలు, ఇద్దరు రచయితలు, రెంటినీ చూసి పోల్చి మాట్లాడే ప్రేక్షకులు. సమీక్షకు ఇంతకన్నా ఏం కావాలి?

అలా బళ్ళారిలో నలిగిన తరవాతే, 1891లో సరస వినోదినీ సభ మద్రాసు పోయింది. ఆ నాటకాలు చూసిన పద్దెనిమిదేళ్ళ తమిళ యువకుడు పమ్మల్ సంబంధ ముదలియార్ అదే ఏడాది సుగుణ విలాస సభ స్థాపించాడు. ఆధునిక తమిళ నాటకానికి పునాది వేసిన సభ అది. అంటే వాళ్ళు మద్రాసు పోయింది తీర్పు కోసం కాదు, మద్రాసుకే దారి చూపించి వచ్చారు. ముందు పట్నం మెచ్చాలి, తరవాతే ఊరు అనేవాళ్ళు ఈ వరుసను ఒకసారి సరిచూసుకోవాలి.

"అదంతా పాత కాలం, అప్పుడు చెవి ఉన్నవాళ్ళు ఉండేవాళ్ళు" అని ఇంకో అభ్యంతరం వస్తుంది. పాత కాలంలోనూ వాళ్ళు ఆకాశం నుంచి ఊడిపడలేదు. కంబదూరు దగ్గరి రాళ్ళపల్లి అనే పల్లెలో 1893లో పుట్టిన అనంతకృష్ణశర్మ మైసూరులో బిడారం కృష్ణప్ప దగ్గర సంగీతం నేర్చుకుని, అక్కడే మహారాజా కాలేజీలో తెలుగు చెప్పారు. రాగిరేకుల మీద రాగం పేరు తప్ప బాణీ మిగలని అన్నమయ్య సంకీర్తనలకు స్వరాలు కూర్చారు. 1974లో మద్రాసు మ్యూజిక్ అకాడెమీ సంగీత కళానిధి బిరుదిచ్చింది. మాట తెలిసినవాడూ రాగం తెలిసినవాడూ ఒక్కడే అయితే విమర్శ ఎలా ఉంటుందో ఆయన రచనల్లో కనిపిస్తుంది. ఆ స్థాయి మనిషి ప్రతి ఊళ్ళో దొరకడు. దొరకనవసరం లేదు కూడా. పాటకు మొదట కావాల్సింది మహా విమర్శకుడు కాదు. ఒకరికి శ్రుతి తెలియాలి, ఒకరికి తాళం తెలియాలి, ఇంకొకరికి ఈ సీమ మాట ఎలా పలుకుతుందో తెలియాలి.

అలాంటివాళ్ళు ఇక్కడ లేరా? గుడిలో డోలు, నాదస్వరం వాయించేవాళ్ళున్నారు. పెళ్ళిళ్ళలో క్లారినెట్ వాయించే బ్యాండు మేళం వాళ్ళున్నారు. పండరి భజన, చెక్క భజన నేర్పే గురువులున్నారు, వాళ్ళ చెవికి లయలో వెంట్రుకవాసి తేడా కూడా అందుతుంది. పెనుకొండలో బాబయ్య దర్గా ఉరుసు రాత్రుల్లో కవ్వాలీ వినే జనం ఉన్నారు. ఆదివారం చర్చిలో కీబోర్డు మీద కూచునే కుర్రాళ్ళున్నారు. ధర్మవరం మండలం నిమ్మలకుంటలో తెర వెనక బొమ్మను ఆడిస్తూనే గొంతెత్తి పద్యం పాడే తోలుబొమ్మలాట కుటుంబాలున్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ప్రభుత్వ గుర్తింపు జీవితమంతా ఆడాక వస్తుంది, మొదటి రాత్రి ఆట బాగుందో లేదో చెప్పింది మాత్రం తెర ముందు నేల మీద కూచున్న పల్లెవాళ్ళే.

హిందూపురానికి ఇంకో బలముంది. సరిహద్దు దాటితే గౌరిబిదనూరు. తెలుగు పాటా కన్నడ భావగీతమూ రెండూ వింటూ పెరిగిన చెవులు ఇక్కడ ఇంటింటా ఉంటాయి. బెంగళూరు నుంచి గుంతకల్లు పోయే రైలు మార్గంలో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఒక్క పూటలో మూడు రకాల శ్రోతలకు పాట వినిపించి ఇంటికి రావచ్చు.

ఇక్కడ మరో అపోహను తీసి పక్కన పెట్టాలి. తెలుగువాళ్ళకు పొగడ్తే ఇష్టం, విమర్శ చెబితే పడదు అంటారు. 1996 నుంచి ఈటీవీలో వచ్చిన "పాడుతా తీయగా"ను ఇంటిల్లిపాదీ కూచుని ఎందుకు చూశారు? పిల్లలు బాగా పాడతారని మాత్రమే కాదు. పాట అయ్యాక ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం ఏం చెబుతారోనని చూశారు. పల్లవిలో ఫలానా అక్షరం ఒత్తు పలకలేదు, ఫలానా చోట ఊపిరి తీసుకోవడం వినిపించింది అని ఆయన లాలనగా చెబుతూనే ఖచ్చితంగా చెప్పేవారు. పాడిన పిల్లలు తలూపి విన్నారు, ఇంట్లో చూసేవాళ్ళూ నేర్చుకున్నారు. ఆయన తానే అలాంటి మాటతో పైకి వచ్చినవారు. గూడూరులో ఒక పోటీలో పాడినప్పుడు ఎస్.జానకి విని వెన్నుతట్టిన సంగతి చాలాసార్లు చెప్పుకున్నారు. గూడూరు మహానగరం కాదు. అయితే ఆ కార్యక్రమంలో ఒక లోటు ఉంది. అక్కడ సమీక్షించింది గొంతును, పాటను కాదు. పాట ఎప్పుడో ఇళయరాజాదో, కె.వి.మహదేవన్‌దో అయి ఉంటుంది. కొత్తగా కట్టిన పాటలో రెండో చరణం ఎందుకు నడవలేదో చెప్పే అలవాటు తెలుగునాట టీవీకీ రాలేదు, పత్రికకూ రాలేదు.

జిల్లా ఎడిషన్ల వార్తలు చూస్తే ఆ లోటు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. "గానలహరి శ్రోతలను అలరించింది", "మంత్రముగ్ధులను చేసింది". ఎవరు పాడారు, ముఖ్య అతిథి ఎవరు, శాలువా ఎవరు కప్పారు అన్నీ ఉంటాయి. పాట ఎలా ఉందో ఉండదు. వార్త రాసిన విలేకరిని తప్పుపట్టి లాభం లేదు, అతనికి పాటగాడు ఇచ్చిన కాగితంలోనూ అవే మాటలుంటాయి. రెండు వాక్యాల్లో ఈ పాట దేని గురించి, ఏ బాణీలో, ఏ వాద్యంతో అని రాసి, లింకు జత చేసి ఇస్తే ఆ విలేకరుల్లో కొందరైనా విని రాస్తారు.

వినిపించే పద్ధతి కూడా ముఖ్యమే. "ఎట్లుందన్నా?" అని అడిగితే "బాగుందిలే" తప్ప ఇంకో జవాబు రాదు. అడిగినవాడి మొహం చూసి ఎవరూ కాదనరు. ఎక్కడ విసుగొచ్చింది, ఏ మాట అర్థం కాలేదు, పల్లవి రెండోసారి వచ్చేసరికి గుర్తుందా అని అడిగితే మనిషి నిజంగా ఆలోచిస్తాడు. పాట మాటలు కాగితం మీద ఇవ్వకుండా ముందు వినిపించాలి, తరవాత ఇవ్వాలి. ఈ రెంటికీ మధ్య శ్రోత మొహంలో వచ్చే తేడాను బట్టి గొంతు ఎంత మునిగిపోయిందో తెలుస్తుంది. స్టూడియోలో పెద్ద స్పీకర్ల మీద విని మురిసిపోయిన మిక్సింగును మామూలు ఫోన్ స్పీకర్‌లో, టీ కొట్టు ముందు, బస్సుల మోతలో వినాలి. ఫోన్ స్పీకర్‌కు కింది స్థాయి ధ్వనులు దాదాపు పలకవు. తబలాలో ఎడమ, డోలులో గంభీరం, బేస్ గిటారు మొత్తం మాయమవుతాయి. పాట ఊపంతా వాటి మీదే నిలబెడితే, వినేవాడికి చేరేది ఊపు లేని పాట. ఈ సంగతి విడుదలైన రోజు తెలిస్తే చేసేదేం లేదు. ధర్మవరంలో కొత్త డిజైనుకు జకార్డు అట్టలు కట్టాక కొంత నేసి, పువ్వు సరిగ్గా పడిందో లేదో చూసుకోకుండా చీరంతా నేసే మగ్గం ఉండదు.

బాణీ ముందే వినిపిస్తే ఎవరైనా కాజేస్తారన్న భయం ఒకటి చాలామందిని నోరు మెదపనివ్వదు. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం పాట రూపం దాల్చగానే హక్కు పుడుతుంది, రిజిస్ట్రేషన్ చేయించుకోవడం తప్పనిసరి కాదు. డెమోను ముందు తన ఈమెయిల్‌కే తేదీతో పంపి దాచుకుని, బయటివాళ్ళకు కనిపించని లింకును నలుగురికి ఇస్తే సాక్ష్యం చేతిలో ఉంటుంది. వేల కొద్దీ కొత్త పాటల మధ్య ఎవరికీ తెలియకుండా పోవడం కన్నా, ఎవరో దొంగిలిస్తారన్నది చాలా చిన్న ప్రమాదం.

డబ్బులిచ్చి రివ్యూ చెప్పించుకోవడం ఇంకో దారి అంటున్నారు. పేజీకింత, రీల్‌కింత అని రేటు చెప్పేవాళ్ళున్నారు. డబ్బు తీసుకుని పొగిడే మాట ప్రకటన అవుతుంది. ప్రకటనల ప్రమాణాల మండలి ఏఎస్‌సీఐ 2021లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా అలాంటి పోస్టును ప్రకటన అని స్పష్టంగా చూపించాలనే చెబుతున్నాయి. ప్రకటన వేసుకోవడం తప్పు కాదు. అప్పు చేసిన ఐదు వేలో పదివేలో పెట్టి దాన్ని సమీక్ష అనుకోవడమే తప్పు. అందులోంచి పాటగాడు నేర్చుకునేది ఒక్క ముక్క ఉండదు.

బయటి దేశాల్లో జాన్ పీల్ లాంటివాళ్ళున్నారు, మనకెవరున్నారని నిట్టూర్చేవాళ్ళకు ఆ కథను పూర్తిగా చెప్పాలి. బీబీసీ రేడియోలో పీల్ పేరులేని బృందాల పాటలు వేసేవాడు. 1978 సెప్టెంబరులో ఉత్తర ఐర్లాండులోని డెర్రీ అనే చిన్న నగరం కుర్రాళ్ళ బృందం అండర్‌టోన్స్ పాడిన "టీనేజ్ కిక్స్"ను వెంటవెంటనే రెండుసార్లు వేశాడు. మన నాటకాల వన్స్‌మోర్ లాంటిదే. ఆ పాట మోగడంతో బృందం దశ తిరిగింది. అందరూ ఇక్కడితో ఆపేస్తారు. కానీ పీల్ చేతికి అందిన ఆ రికార్డును అచ్చు వేసింది లండన్ కంపెనీ కాదు. బెల్‌ఫాస్టులో రికార్డుల కొట్టు నడుపుకునే టెర్రీ హూలీ తన చిన్న లేబుల్ మీద వేశాడు. పెద్ద కంపెనీలు తిప్పి పంపిన పాటను అదే ప్రాంతపు కొట్టువాడు ఒప్పుకున్నాడు. పీల్ రెండో చెవి. మొదటి చెవి దగ్గర్లోనే దొరికింది.

తెలుగులోనూ దారి అలాగే నడిచిన సందర్భాలున్నాయి. చౌరస్తా బృందంతో సొంత పాటలు పాడుకున్న రామ్ మిరియాలను జనం ముందు ఆ పాటలతోనే గుర్తుపట్టారు. 2020లో కరోనా మీద ఆ బృందం చేసిన పాట ఊరూరా మోగింది. "జాతిరత్నాలు"లో చిట్టి పాట వచ్చింది ఆ తరవాత, 2021లో. సినిమా పిలిస్తేనే పాటగాడు అన్న లెక్క ఇక్కడ తలకిందులైంది.

స్ట్రీమింగ్ వేదికలను వదిలేయమని ఎవరూ అనడం లేదు. వాటికీ ముందుచూపే కావాలి. స్పాటిఫైలో సంపాదకులకు పాటను నివేదించాలంటే విడుదలకు ముందే పంపాలి. కనీసం ఏడు రోజుల ముందు పంపితేనే ఆ పాట అనుచరుల రిలీజ్ రాడార్ జాబితాలోకి చేరుతుందన్నది వాళ్ళ నియమం. మాస్టరింగ్ అయిన రాత్రే అప్‌లోడ్ కొట్టేవాడు ఆ తలుపును తానే మూసుకుంటున్నాడు. నెలా నెలన్నర ముందే డెమో తయారు చేసుకుంటే మొదటి రెండు వారాలు ఊళ్ళో చెవులకు, తరవాతి వారం దిద్దుబాటుకు, ఆ తరవాత అనంతపురం ఆకాశవాణికీ పత్రికలకూ వేదికలకూ పంపడానికి సమయం దొరుకుతుంది. ఆకాశవాణి ఆడిషన్‌లో తప్పినా అది మంచి అనుభవమే. పాడేది ఎవరో చూడకుండా గొంతు మాత్రమే విని నిర్ణయించే చోట్లు ఇంకా ఎన్ని మిగిలాయి?

ఇన్ని చేసినా పాట నడవకపోవచ్చు కదా అంటే, నడవకపోవచ్చు. కానీ నడవని పాట వెనక ఏ చరణం కుంటిందో తెలిసినవాడు రెండో పాట కడతాడు. తెలియనివాడు వ్యూస్ అంకె చూసుకుంటూ కూచుంటాడు.

ఈ పని ఒక్క పాటగాడి నెత్తినే వేయడం కూడా న్యాయం కాదు. పెనుకొండ చుట్టుపక్కల నాటకం ఆడే రాత్రి, వేషాలు పూర్తయ్యేదాకా తెర ముందు జనం కూచునే ఉంటారు. హార్మోనియం శ్రుతి చూసుకుంటూ ఉంటుంది, మైకు ఖాళీగా ఉంటుంది. ఆ పది నిమిషాలు ఒక కొత్త పాటకు ఇవ్వడానికి నాటక సమాజాలకు ఖర్చేమీ లేదు. నాటకం అయ్యాక హార్మోనిస్టునూ ముందు వరసలోని పెద్దలనూ ఇద్దరు ముగ్గురిని కూచోబెట్టి మాట్లాడించడానికి హిందూపురం, ధర్మవరం కళాసంఘాలకు కావాల్సింది ఒక గంట. ఉగాదికి కవి సమ్మేళనాలు పెడుతున్న సంఘాలు అదే వేదిక మీద సొంత పాటలకు ఒక పూట కేటాయించి, శాలువాల కార్యక్రమం తగ్గించుకుని, పాడినవాళ్ళకు ఆ పూటే నోటితో, మర్నాడు కాగితం మీద అభిప్రాయం ఇవ్వవచ్చు. వచ్చే ఉగాది నుంచే మొదలుపెట్టవచ్చు.